బాల్కనీలో కాల్చి, చేతులు కడుక్కుని పాపని ఎత్తుకుంటే సరిపోదా?

కొత్తనాన్న

అందరికీ నమస్తే. నాకు 33, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. రోజుకి ఏడెనిమిది సిగరెట్లు, ఇంజనీరింగ్ రెండో ఏడాది నుంచి దాదాపు ఇదే లెక్క. మధ్యలో రెండుసార్లు మానేశాను, ఒకసారి నాలుగు నెలలు, ఇంకోసారి పెళ్లిచూపుల నుంచి పెళ్లి దాకా (నవ్వకండి).

మాకు పాప పుట్టింది. మూడో నెల వచ్చాక మొన్ననే పుట్టింటి నుంచి మా ఆవిడని, పాపని తీసుకొచ్చాను, సాయానికి అత్తగారు కూడా వచ్చారు. గొడవ అక్కడ మొదలైంది. నేను ఇంట్లో కాల్చను, ఎప్పుడూ కాల్చలేదు. బాల్కనీలోకి వెళ్లి, అద్దాల తలుపు మూసేసి, కాల్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, నోట్లో సోంపు వేసుకుని అప్పుడు పాప దగ్గరికి వెళ్తాను. అయినా సరే స్నానం చేసి చొక్కా మార్చుకుంటే గానీ ఎత్తుకోనివ్వరు. అత్తగారు నాతో నేరుగా ఏమీ అనరు, అల్లుణ్ణి కదా, పాపకి చెప్తున్నట్టు "మీ నాన్న దగ్గర కంపు వస్తోందే చిట్టీ, ఇప్పుడు వద్దులే" అంటారు. మా ఆవిడ అటు తిరిగి నవ్వుకుంటుంది. రోజుకి ఎనిమిది సార్లు స్నానం ఎవడు చేస్తాడండీ?

నా ప్రశ్న ఒక్కటే. తలుపు మూసి బయట కాలిస్తే పొగ పాపకి నిజంగా తగులుతుందా, లేక ఇది ఉత్త వాసన గొడవా? వాసన అయితే ఏదో సర్దుకుంటాం. ఆరోగ్యం సంగతి అయితే చెప్పండి. "సిగరెట్ మంచిది కాదు నాయనా" అని మాత్రం ఎవరూ మొదలుపెట్టొద్దు, ఆ సంగతి ప్యాకెట్ మీదే ఉంది.


తాతగారి మనవడు

బ్రో, లైట్ తీసుకో. మా తాత 88 ఏళ్లు బతికాడు, రోజుకి ఆరు లంక చుట్టలు, అది కూడా ఇంట్లో మంచం మీద కూర్చుని. ఐదుగురు పిల్లలు ఆ పొగలోనే పెరిగారు, అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు. నువ్వు పాపని స్ట్రోలర్‌లో పెట్టుకుని కింద రోడ్డు మీదకి తీసుకెళ్తే ఆటోల పొగ, బస్సుల పొగ, పక్క స్థలంలో చెత్త తగలబెట్టిన పొగ, ఇవన్నీ పీల్చాల్సిందే, దాని ముందు మూసిన తలుపు వెనక నీ ఒక్క సిగరెట్ ఎంత? చేతులు కడుక్కుంటున్నావు, అదే ఎక్కువ. అసలు అత్తగారు ఎన్నాళ్లుంటారో కనుక్కో, నీ సమస్య అప్పటితో తీరిపోతుంది.


నైట్‌డ్యూటీ

నేను ఊపిరితిత్తుల వార్డులో స్టాఫ్ నర్సుని. ఎక్కడో చెప్పను. నీతులు వద్దన్నారు కాబట్టి అడిగినదానికే జవాబు చెప్తాను. తగులుతుంది. బాల్కనీలో కాల్చినా తగులుతుంది, సోఫాలో కూర్చుని కాల్చినదానికంటే తక్కువ, అంతే.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో శాన్ డియాగోలో సరిగ్గా మీలాంటి ఇళ్లనే తీసుకుని చూశారు, ఫలితాలు 2004లో వచ్చాయి. పసిపిల్లలున్న ఇళ్లని మూడు రకాలుగా విడదీశారు: ఎవరూ పొగ తాగని ఇళ్లు, పిల్లల కోసమని బయటికెళ్లి కాల్చే ఇళ్లు, లోపలే కాల్చే ఇళ్లు. ఇంట్లో గాలి, దుమ్ము, పిల్లల మూత్రం అన్నీ పరీక్ష చేశారు. నికోటిన్ ఒంట్లోకి వెళ్లాక కోటినిన్ అనే పదార్థంగా మారుతుంది, అది మూత్రంలో దొరికిపోతుంది, దాచలేం. బయట కాల్చే ఇళ్లలో ఈ కాలుష్యం పొగ తాగనివాళ్ల ఇళ్లతో పోలిస్తే 5 నుంచి 7 రెట్లు ఎక్కువ ఉంది. లోపల కాల్చే ఇళ్లలో దానికి మళ్లీ 3 నుంచి 8 రెట్లు. అంటే మీ తలుపు పనిచేస్తోంది, కాదనను, కానీ సగం పనే చేస్తోంది.

ఎలా వస్తుందంటారా. ఆఖరి దమ్ము లాగాక కూడా కొన్ని నిమిషాలు మీ ఊపిరిలోంచి ఆ పొగ రేణువులు బయటికొస్తూనే ఉంటాయి, సోంపు వాసనని కప్పుతుంది గానీ వాటిని ఆపదు. మిగతాది చొక్కాకి, జుట్టుకి, గడ్డానికి పట్టుకుని లోపలికొస్తుంది. పాప తల పెట్టేది మీ భుజం మీదే కదా. తర్వాత ఆ భుజాన్నే నాకుతుంది, మూడు నెలల పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. మీ అత్తగారు ఈ చదువులేవీ చదివి ఉండరు, అయినా చొక్కా దగ్గర కరెక్టుగా పట్టుకున్నారు.

ఇంకొకటి. సిగరెట్ పొగ అనగానే మీరు వదిలే పొగ అనుకుంటారు. పక్కవాళ్లు పీల్చేదాంట్లో ఎక్కువ భాగం ఆ వెలుగుతున్న కొస నుంచి వచ్చేది, దానికి ఫిల్టర్ కూడా ఉండదు. గాలి మీ వైపు తిరిగితే తలుపు సందులోంచి లోపలికి, లేకపోతే పై ఫ్లోర్ వాళ్ల బాల్కనీలోకి. వాళ్లింట్లోనూ పిల్లలు ఉండొచ్చు. ఆ పొగలో 7,000కి పైగా రసాయనాలుంటాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. పసిపిల్లలకి క్యాన్సర్ గురించి ఇప్పుడే భయపెట్టను, వాళ్లకి వచ్చేవి వేరే: మాటిమాటికీ జలుబు, చెవిపోటు, చెవిలో చీము, బ్రాంకైటిస్, న్యుమోనియా, ఉబ్బసం. నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ముప్పు కూడా పొగ తగిలే పిల్లల్లో ఎక్కువ. నాలుగు నెలలకోసారి నెబ్యులైజర్ పెట్టించుకోవడానికి తీసుకొచ్చే పిల్లల నాన్నల్ని "ఇంట్లో ఎవరైనా కాలుస్తారా" అని అడిగితే నూటికి తొంభై మంది "ఇంట్లో కాల్చనండీ" అంటారు. మీరన్న మాటే.

పైన తాతగారి మనవడికి: రోడ్డు పొగ ఉంది కాబట్టి ఇంట్లో పొగ ఫరవాలేదనడం, వాన పడుతోంది కదా అని ఇంట్లో నీళ్లు కుమ్మరించుకోవడం లాంటిది. మీ తాతగారితో పాటు చుట్ట కాల్చిన ఆయన ఈడు వాళ్లు ఎంతమంది, వాళ్లు ఎన్నేళ్లకి పోయారు, ఎప్పుడైనా లెక్క తీశారా? మీ నాన్నమ్మగారు ఎన్నేళ్లకి పోయారు?


కొత్తనాన్న

మేడమ్, ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్. నిజం చెప్పాలంటే వాసన గొడవే అని ఎవరైనా అంటారని పెట్టాను ఈ పోస్ట్. ఒక డౌట్. మానేయడం ఇప్పుడు కుదరదు, రిలీజ్ టెన్షన్ నడుస్తోంది. రోజుకి ఒకటో రెండో చేసుకుంటే? అది కూడా ఆఫీసులోనే, వచ్చాక స్నానం. అలా అయితే పాపకీ నాకూ ఇద్దరికీ ఫరవాలేదు కదా?


ఒంగోలు ఆడపడుచు

మీ ప్రశ్నకి డైరెక్ట్ జవాబు కాదు, కానీ ఈ థ్రెడ్ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోతున్నాను. మాది ప్రకాశం జిల్లా, కొండపి వైపు. మా నాన్న పొగాకు రైతు, మా తాత కూడా. నా చదువు, మా అక్క పెళ్లి, ఇల్లు, అన్నీ పొగాకు డబ్బే. మా నాన్న జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టలేదు.

ముట్టకపోతే మాత్రం? చిన్నప్పుడు సెలవుల్లో మేమూ చేలోకి వెళ్లేవాళ్లం. తెల్లవారుజామున మంచుకి తడిసిన ఆకు రెలుస్తుంటే చేతులకి నల్లగా బంక పట్టేది, ఎంత కడిగినా పోదు, అన్నం కలుపుకుంటే ముద్ద చేదు. కొత్తగా వచ్చిన కూలీలకి మధ్యాహ్నానికి కళ్లు తిరిగి వాంతులయ్యేవి. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చేవాళ్లు. అది ఎండ దెబ్బ కాదని, తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కడం వల్ల వచ్చే జబ్బని, దానికో పేరు కూడా ఉందని నాకు ఎంఎస్సీకి వచ్చాక తెలిసింది. పొగ తాగకుండానే పొగాకు కొట్టిన దెబ్బ అది. ఇక ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టానికి, అదే బ్యారన్‌కి, నిప్పు పెట్టాక ఆరేడు రోజులు రాత్రీ పగలూ మంట కాయాలి, లారీలకి లారీలు తుమ్మ, సరుగుడు కట్టెలు కాలిపోతాయి. మా ఊరి చుట్టుపక్కల చెట్లెందుకు లేవని ఎవరైనా అడిగితే నేను బ్యారన్ల వైపు చూపిస్తాను.

అలాగని పొగాకు వెయ్యొద్దని అక్కడికెళ్లి చెప్పండి చూద్దాం. నల్లరేగడి, వాన లేని ఊళ్లు, మంచుతో పండే పంట ఇంకేది ఉంది, శనగ తప్ప? గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది, వర్జీనియా రకం పొగాకుకి అనుమతి, బ్యారన్ లైసెన్సు, వేలం, అన్నిటికీ ఒక పద్ధతి ఉంది. శనగకి ఆ మాత్రం భరోసా ఉంటే చాలామంది ఈపాటికి మారిపోయేవాళ్లు. బోర్డు పరిధిలో లేని బర్లీ రకం సంగతి 2025లో చూశారుగా, పర్చూరు వైపు నల్లబర్లీ కొనే నాథుడు లేక చివరికి ప్రభుత్వం సహకార సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. వేలంలో బేలుని ఎవరూ పాడక నో బిడ్ పడిన రోజు మా నాన్న ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు.

ఎందుకు చెప్తున్నానంటే, ఒక చివర మా నాన్న, ఇంకో చివర మీ పాప. మధ్యలో బాగుపడేవాళ్లు ఎవరో నాకు తెలుసు, మీకూ తెలుసు.


సిక్కోలు చిన్నది

అమ్మో, చుట్ట పేరెత్తారు, ఇక నన్ను ఆపలేరు. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్లకి చెప్తాను, అడ్డపొగ అంటే చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చడం. అవును, నిప్పు లోపల. గాలికి చుట్ట ఆరిపోకుండా, చేపలు ఎండబెడుతూనో నీళ్లు మోస్తూనో రెండు చేతులతో పని చేసుకుంటూ తాగడానికి అలా అలవాటైందని మా వైపు అంటారు. ఊళ్లో ముసలమ్మలందరూ అంతే, ఎవరూ తప్పుగా చూసేవాళ్లు కాదు. నేను హైదరాబాద్ వచ్చాక మా ఆఫీసు కింద టీ బడ్డీ దగ్గర ఒకమ్మాయి సిగరెట్ వెలిగిస్తే ఎవడో ఫోన్ తీసి వీడియో తీస్తున్నాడు, అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పక్కనే పదిమంది మగాళ్లు కాలుస్తున్నారు, వాళ్లని తియ్యడు.

సరే, మా అమ్మమ్మ. ఆమెకి అంగిట్లో తెల్లగా మచ్చలు పడ్డాయి, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు. నొప్పి లేదు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. తర్వాత అన్నం మింగితే ముక్కులోకి వచ్చేది. విశాఖ తీసుకెళ్తే అంగిలి క్యాన్సర్ అన్నారు. మామూలుగా అంగిలి పైభాగంలో క్యాన్సర్ రావడం అరుదట, మా శ్రీకాకుళం, విశాఖ తీరంలో మాత్రం ఈ అడ్డపొగ వల్ల ఎక్కువ, 1960ల నుంచే డాక్టర్లు మా ఊళ్ల మీద పరిశోధనలు చేసి విదేశీ పత్రికల్లో రాశారట. ప్రపంచానికి తెలిసిన సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. అంగిలి తీసేశాక ప్లాస్టిక్ పళ్లెం లాంటిది అమర్చారు. అది పెట్టుకుంటేనే మాట అర్థమయ్యేది. ఆమె అప్పుడు కూడా చుట్ట అడిగింది, మా అమ్మ ఏడ్చుకుంటూ ఇచ్చింది. ఇవ్వకూడదని నాకిప్పుడు తెలుసు, అప్పుడు ఆ ముఖం చూస్తే మీరూ ఇచ్చేవారు.


ఇందూరు పోరడు

నిజామాబాద్ నుంచి. మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. పొద్దున వంట కాగానే ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. మా చెల్లె ఆ చాట పక్కనే పడుకుని పెరిగింది. తంబాకు ఘాటుకి ఇంట్లో అందరికీ తుమ్ములే, అమ్మకి సాయంత్రమైతే దగ్గు, వంగి వంగి నడుము పోయింది. ఆకు బాగుండకపోతే చుట్టిన బీడీల్లో కట్టలు కట్టలు తీసేసేవాళ్లు, దానికి పైసలుండవు. ఇప్పుడు సర్కారు ఇచ్చే జీవనభృతి వస్తోంది, అదొక్కటే ఆసరా.

ఐటీ అన్నకి ఒక్క మాట. సిగరెట్ మీద ఎప్పుడు పన్ను పెంచినా మా దగ్గర మగోళ్లు బీడీలోకి మారతారు, "బీడీ ఆకే కదా, నేచురల్" అంటారు. సన్నగా ఉందని తక్కువ అనుకోవద్దు, బీడీ ఆరిపోకుండా గట్టిగా, ఎక్కువ సార్లు లాగాలి, నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే లోపలికి పోతాయి. మానేస్తున్నా అని బీడీ పట్టుకున్నవాళ్లని చాలామందిని చూశా. మీరు ఆ దారి పట్టకండి.


పాత ఇంజిన్

కొత్తనాన్న తమ్ముడూ, నీ "ఒకటో రెండో" ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. పద్దెనిమిదేళ్లు కాల్చాను, రోజుకి పదిహేను దాకా. మానేసి ఆరేళ్లయింది. మానేయడం నాలుగోసారికి కుదిరింది, అంటే మూడుసార్లు ఫెయిలైన అనుభవం నాకుంది, అదే నీకు ఎక్కువ పనికొస్తుంది.

గుండె సంగతి చూస్తే ఒకటి రెండు అనే లెక్క పనిచేయదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. రోజుకి 20 కాల్చేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి కాల్చేవాడికి కూడా అందులో దాదాపు సగం పెరుగుతుందట. ఇరవయ్యో వంతు అనుకుంటాం, సగం. ఇంకోటి, తగ్గించాను అనుకున్నవాడు ఆ రెండింటినీ పీల్చి పిప్పి చేస్తాడు, ఫిల్టర్ దాకా. నేను చేశాను కాబట్టి తెలుసు. "లైట్" సిగరెట్లూ అంతే, ఫిల్టర్ మీదే చిన్న చిల్లులుంటాయి, వాటిని వేళ్లతో మూసేసి లాగుతాం, మనకే తెలియకుండా.

నేనెందుకు మానేశానో చెప్తాను. నాకేం కాలేదు. మా తమ్ముడికి అయింది. 34 ఏళ్లు, షుగరు లేదు, బీపీ లేదు, నాతో పాటే కాల్చేవాడు, నేనే నేర్పాను. నడిస్తే పిక్కలు పట్టేసేవి, తర్వాత కాలి బొటనవేలు నల్లబడింది. బర్గర్స్ అనే జబ్బు, కాళ్లకి చేతులకి వెళ్లే సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, దాదాపుగా పొగాకు వాడేవాళ్లకే వస్తుంది, అదీ వయసులో ఉన్నప్పుడు. డాక్టర్ ఒకటే చెప్పాడు, దీనికి అసలు మందు పొగాకు పూర్తిగా మానడం, రోజుకి ఒకటి కాల్చినా వేళ్లు పోతూనే ఉంటాయి అని. వాడు ఒకటే కదా అని కాల్చాడు. రెండు వేళ్లు తీసేశాక మానేశాడు. ఆసుపత్రి మెట్ల కింద నేను సిగరెట్ వెలిగించుకుని ఉండగా వాడి భార్య చూసింది, ఏమీ అనలేదు, పక్కనుంచి వెళ్లిపోయింది. ఆ రోజు ప్యాకెట్ అక్కడే పడేశాను.

ఇప్పుడు పని గురించి. మొదటి మూడు రోజులు నరకం, వారం దాటాక కోపం తగ్గుతుంది, నెల దాకా ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది, ఇది ముందే తెలిస్తే మంచిది. నికోటిన్ గమ్ మందుల షాపులో 2 మిల్లీగ్రాములది దొరుకుతుంది. దాన్ని చూయింగ్ గమ్‌లా నమలకు, అక్కడే అందరం తప్పు చేస్తాం. నాలుగు సార్లు నమిలితే చుర్రుమంటుంది, వెంటనే చిగురుకి బుగ్గకి మధ్య పెట్టి వదిలెయ్యి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. చాయ్, కాఫీ తాగిన పావుగంట దాకా వేసుకోకు, ఒంటికి పట్టదు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాలనిపిస్తుంటే గమ్ ఒక్కటీ చాలకపోవచ్చు, డాక్టర్‌ని అడిగితే మాత్రలున్నాయి. సిగ్గుపడకు. ప్యాకెట్ మీద ఆ బొమ్మ కింద నంబరు ఉంటుంది చూడు, 1800-11-2356, అది ఉచితం, మాట్లాడతారు. నువ్వు లూజు కొంటావేమో, లూజు కొనేవాడికి ప్యాకెట్‌లో 85 శాతం ఉండే ఆ హెచ్చరిక బొమ్మా కనపడదు, ఈ నంబరూ కనపడదు.

డబ్బు కూడా చూసుకో. ఒకటి 20 రూపాయలు వేసుకున్నా ఎనిమిదికి 160, ఏడాదికి 58,400. పాప పేరు మీద వేస్తే ఎంతవుతుందో నువ్వే లెక్కపెట్టుకో, ఐటీ వాడివి కదా.

రిలీజ్ టెన్షన్ అంటావా. ఆ టెన్షన్‌లో సగం సిగరెట్ కోసం పుట్టే టెన్షనే, కాల్చగానే అది తగ్గుతుంది, మనం పని టెన్షన్ తగ్గిందనుకుంటాం. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్ అనే ఆయన 1951 నుంచి 34 వేలకి పైగా డాక్టర్లని యాభై ఏళ్లు గమనించారు. కాల్చేవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. 30 ఏళ్ల వయసులో మానేసినవాళ్లకి ఆ పదేళ్లు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి, 40లో మానేస్తే తొమ్మిది, 50లో ఆరు, 60లో మూడు. నీకు 33. నేను 41లో మానేశాను. ఆ డాల్ కూడా మొదట్లో కాల్చేవాడే, తన లెక్కలు చూసి తనే మానేశాడు.


తాతగారి మనవడు

నైట్‌డ్యూటీ మేడమ్ అడిగారని అమ్మకి ఫోన్ చేశాను. నాన్నమ్మ 57కే పోయిందట. ఉబ్బసం. తాత మంచం పక్కనే పడుకునేదట. ఆవిడకి ఎప్పుడూ ఏ అలవాటూ లేదు. ఇంతకుముందు ఎవరూ ఈ రెండూ కలిపి చెప్పలేదు నాకు. ఇప్పటికింతే.


నైట్‌డ్యూటీ

మీ నాన్నమ్మగారికి ఏమైందో ఇక్కడి నుంచి చెప్పలేను, కట్టెల పొయ్యి కూడా ఉండి ఉంటుంది. జపాన్‌లో హిరయామా అనే ఆయన 90 వేలకి పైగా పొగ తాగని భార్యలని పద్నాలుగేళ్లు గమనించి 1981లో రాశారు, భర్త ఎంత ఎక్కువ కాలిస్తే భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత ఎక్కువని. ఆ రోజుల్లో సిగరెట్ కంపెనీలు ఆయన మీద మామూలుగా విరుచుకుపడలేదు. తర్వాత చూసిన చాలామందికీ అదే తేలింది. మా వార్డులో ఇలాంటి ఆడవాళ్లు వస్తారు. "నేనేం తప్పు చేశాను సిస్టర్" అని అడుగుతారు, భర్త పక్కనే నిలబడి ఉంటాడు.


కొత్తనాన్న

పదకొండు రోజుల తర్వాత వచ్చాను. ముందు మంచి సంగతి. ఇక్కడ రాసినవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను, అడ్డపొగ దగ్గర అత్తగారు "మా పిన్నత్తగారు కూడా అలాగే" అని మొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు. మర్నాటి నుంచి మానేశాను, గమ్ మీద ఉన్నాను. మూడో రోజు ఆఫీసులో చిన్నదానికి ఒకతని మీద అరిచాను, తర్వాత సారీ చెప్పాను. ఏడో రోజు మా లిఫ్ట్‌లో పొగ వాసన వచ్చింది, ఇన్నేళ్లుగా నాకు అది వాసనే కాదు.

ఇక చెడ్డ సంగతి. నిన్న రిలీజ్ అయిపోయింది, మేనేజర్ "పద, ఒక దమ్ము కొట్టొద్దాం" అన్నాడు. రేటింగులు, కొత్త ప్రాజెక్టులు, అన్నీ ఆ బడ్డీ దగ్గరే తేలతాయి మా ఆఫీసులో, వెళ్లకపోతే మనకి తెలియకుండానే అన్నీ అయిపోతాయి. వెళ్లాను, ఒకటి కాల్చాను. పూర్తిగా. ఇంటికొచ్చి స్నానం చేసి చొక్కా వాషింగ్ మెషిన్‌లో వేశాను, ఎవరూ అడగలేదు, పాపని ఎత్తుకోలేదు. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. లెక్క మళ్లీ సున్నా నుంచా?


పాత ఇంజిన్

సున్నా ఏంటి తమ్ముడూ, పది రోజులు కాల్చకుండా ఉన్నావు, అవెక్కడికీ పోవు. నేను ఫెయిలైన మూడుసార్లూ ఆ ఒక్క సిగరెట్ వల్ల కాదు, "ఎలాగూ పోయింది కదా" అని ఆ సాయంత్రం ప్యాకెట్ కొనడం వల్ల. నువ్వు కొన్నావా? కొనకపోతే గమ్ నోట్లో పెట్టుకుని ఊరుకో.

బడ్డీ మానకు, మేనేజర్‌తో మాట్లాడాలి కదా, అయితే చేతిలో ఏదైనా ఉండాలి, నేను ఆరు నెలలు ఉస్మానియా బిస్కెట్ పట్టుకుని నిలబడ్డాను, నాలుగు కిలోలు పెరిగాను. నిలబడేటప్పుడు గాలి వచ్చే వైపు నిలబడు. మీ ఆవిడకి చెప్పలేదన్నావు, ఈ రోజే చెప్పు, చొక్కా ఒంటరిగా మెషిన్‌లో ఉంటే వాళ్లకి తెలియదనుకుంటున్నావా?